కోడ్ చూపించని మిస్సింగ్: ఒక ఇంజెక్షన్ ఔట్‌బోర్డ్ కేసు

గోదావరి మీద పర్యాటకుల్ని తిప్పే ఒక ఫైబర్ స్పీడ్ బోటు కేసు ఇది. ఏ రేవు, ఎవరి బోటు, ఏ కంపెనీ ఇంజను అన్నవి కావాలనే రాయడం లేదు. వాటితో పని కూడా లేదు, లోడు మీద ఇంజను దగ్గి పడిపోయే ఈ మిస్సింగ్ జబ్బు ఏ ఇంజనుకైనా వస్తుంది. నా దగ్గరికి వచ్చేసరికే ఈ బోటు మీద చాలా డబ్బు తగలేశారు. పని చేసినవాళ్లు చేతకానివాళ్లు కూడా కాదు. అయితే లోడు వేసి, నీళ్ల మీద నడుపుతూ, జబ్బు వచ్చిన ఆ నిమిషంలో గేజీ పెట్టి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అందుకే ఇది రాసి పెడదామనిపించింది.

బోటు, దాని పెట్రోలు దారి

నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజను), 115 హార్స్‌పవర్, ఇంజెక్షన్ ఇంజను. సరంగుతో కలిపి తొమ్మిది మంది పడతారు. ట్యాంకు ఫ్లోరు కింద ఉంటుంది. శని ఆదివారాలు, పండగ సెలవుల్లో గట్టిగా తిరుగుతుంది, వరదల కాలమంతా కట్టేసి ఉంటుంది. గొడవ మొదలైంది వరదలు తగ్గి మళ్లీ తిప్పడం మొదలుపెట్టాకే, ఇది గుర్తుపెట్టుకోండి.

ముందు పెట్రోలు దారి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ట్యాంకు మూతి దగ్గర యాంటీ సైఫన్ వాల్వు అని చిన్న బాల్ వాల్వు ఉంటుంది, పైపు ఎక్కడైనా తెగినా ట్యాంకులో ఉన్నదంతా బోటు అడుక్కి కారిపోకుండా అది ఆపుతుంది. అక్కణ్ణుంచి పైపు, నీళ్లు విడదీసే ఫిల్టరు, చేత్తో నొక్కే ప్రైమర్ బల్బు, ఆ తర్వాత ఇంజను. ఇంజను మీద ఇంకో చిన్న ఫిల్టరు, క్యామ్‌షాఫ్ట్‌తో నడిచే డయాఫ్రమ్ పంపు (లిఫ్ట్ పంపు) ఉంటాయి. ట్యాంకులోంచి పెట్రోలు లాగేది ఈ పంపే. అది తీసుకెళ్లి వీఎస్‌టీ అనే చిన్న డబ్బాలో పోస్తుంది, అందులో కార్బొరేటరులో ఉన్నట్టే ఫ్లోటు, నీడిల్ ఉంటాయి. ఆ డబ్బాలో మునిగి ఉండే ఎలక్ట్రిక్ పంపు నలభై పైచిలుకు పీఎస్‌ఐ ప్రెషర్‌తో ఇంజెక్టర్ల రైలుకి, అంటే ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోలు పంచే గొట్టానికి, కొడుతుంది.

కారులో అయితే పంపు ట్యాంకులోనే ఉండి తోస్తుంది. బోటులో ఫ్లోరు కింద అంత పొడుగు పైపులో ప్రెషర్ పెట్టి ఉంచితే, చిన్న చిల్లు పడినా పెట్రోలు చిమ్మి అడుగున చేరి ఆవిరి నిండిపోతుంది. అందుకే ట్యాంకు నుంచి ఇంజను దాకా లాగుడే, ఎక్కడా తోసేది లేదు. కార్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌లు బోటు దగ్గర తడబడేది ఇక్కడే.

సరంగు చెప్పిన లక్షణాలు

సరంగు పెద్దాయన, మాట తక్కువ. "స్టార్టింగు ఒక్క సెల్ఫుకే అండి. స్లోలో కూర్చుంటే గంటసేపు కూడా కదలదండి. ఫుల్లు లోడు వేసి ఎగువకి పట్టుకెళ్తే కాసేపు బానే పరిగెడతాది, ఆ తర్వాత గుర్రుమని ఊగిపోద్దండి మేస్త్రీ గారూ. రేసు తగ్గిస్తే మళ్లీ బతుకుద్ది."

ప్రశ్నలు వేసి ఇంకొంచెం లాగాను. ఐదు నుంచి పది నిమిషాలు 4500 పైన నడిచాక ఆర్‌పీఎం కిందికీ పైకీ ఊగుతుంది, ఇన్‌టేక్ వైపు దగ్గినట్టు టప్ టప్ మంటుంది, పట్టించుకోకుండా రేసు అలాగే ఉంచితే ఆగిపోతుంది. రెండు మూడు నిమిషాలు ఆగి స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. మనుషులు తక్కువైతే ఆలస్యంగా వస్తుంది, నిండా ఉంటే తొందరగా వస్తుంది. వార్నింగ్ హారన్ ఒక్కసారి కూడా మోగలేదు.

ఔట్‌బోర్డ్ ఆగితే స్టీరింగు కూడా పోయినట్టే, ప్రొపెల్లర్ తోస్తేనే కదా బోటు తిరిగేది. ప్రవాహంలో అడ్డం తిరిగిన బోటులో ఎనిమిది మంది కూర్చుని ఉంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 2019లో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన ప్రమాదం తర్వాత ఈ నది మీద ఏ సరంగూ ఇంజను శబ్దం మారితే తేలిగ్గా తీసుకోడు. ఈయన ఓనరుతో గొడవపడి బోటు కట్టేశాడు, చాలా మంచి పని చేశాడు.

నా దగ్గరికి రాకముందు

ప్లగ్గులు మార్చారు. ఇంజెక్టర్లు విప్పి కార్ల షాపులో అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేయించారు. ఫిల్టర్లు మార్చారు. ఆ తర్వాత వీఎస్‌టీలోని హై ప్రెషర్ పంపు కొత్తది వేశారు, ఖర్చులో పెద్ద వాటా దానిదే. చివరికి "స్కానర్‌లో తప్పు చూపే కోడ్ ఏమీ లేదు, అంటే ఈసీయూయే పాడై ఉంటుంది" అని ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటరు) ధర కూడా కనుక్కున్నారు. అదృష్టం, కొనలేదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ప్రతి రిపేరు తర్వాతా బోటు "బాగైంది" అన్నారు, వారాంతం రాగానే మళ్లీ మొదలు. ఎందుకంటే ఏ పార్టు మార్చినా తర్వాత బల్బు గట్టిగా నొక్కి వీఎస్‌టీ నింపుతారు, ఇద్దరు మనుషులతో రేవు చుట్టూ ఓ రౌండు వేసి చూస్తారు. ఆ రౌండులో ఈ జబ్బు రాదు. మార్చిన పార్టుకి పేరు వస్తుంది.

కోడ్ లేకపోవడం గురించి కూడా చెప్పాలి, చాలామంది బోల్తా పడేది అక్కడే. ఈసీయూ మ్యానిఫోల్డ్ ప్రెషర్, ఆర్‌పీఎం, గాలి వేడి చూసుకుని ఇంజెక్టరును ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో లెక్క కడుతుంది. రైలులో ప్రెషర్ సరిగ్గానే ఉందని నమ్మి వేసే లెక్క అది. ఈ తరహా ఔట్‌బోర్డుల్లో చాలావాటికి రైలులో ప్రెషర్ సెన్సరు ఉండదు, ఎగ్జాస్టులో ఆక్సిజన్ సెన్సరూ ఉండదు. ఇంజెక్టరులోంచి వచ్చే పెట్రోలు ప్రెషర్‌కి వర్గమూలం చొప్పున మారుతుంది. 43 పీఎస్‌ఐ ఉండాల్సింది 25కి పడితే పెట్రోలు పావు వంతు తగ్గిపోతుంది. ఇంజను లీనుగా (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువగా) నడుస్తూ దగ్గుతుంది, ఈసీయూకి మాత్రం తన సెన్సర్లన్నీ బాగానే కనిపిస్తాయి. కాబట్టి ఇలాంటి లక్షణాలుండి కోడ్ లేదంటే నా చూపు పెట్రోలు వైపే పోతుంది.

ఏది కాదో ముందు తేల్చడం

వేడెక్కడం వల్లనో, ఆయిల్ ప్రెషర్ వల్లనో ఈసీయూ రేసు కట్ చేస్తే హారన్ మోగుతుంది, ఆర్‌పీఎం రెండు వేల దగ్గర నిలకడగా నిలబడుతుంది, ఇలా ఊగదు. కాయిల్ పోతే సాధారణంగా ఒక సిలిండరో రెండో చచ్చి ఒకే తీరుగా వణుకుతుంది. ఇక్కడ నాలుగూ కలిసే నీరసపడుతున్నాయి. ప్లగ్గులు తీసి చూస్తే నాలుగూ తెల్లగా, ఒకేలా ఉన్నాయి, అంటే నాలుగింటికీ లీనే. కంప్రెషన్ నాలుగింటిలోనూ సమానంగా వచ్చింది.

మిగిలిన ప్రశ్న: కాసేపు ఆపితే ఎందుకు బాగవుతోంది? రెండే దారులు. వేడికి పాడై చల్లారితే కోలుకునే పార్టు ఏదైనా ఉండాలి, క్రాంక్ సెన్సరో కాయిలో. లేదా ఖర్చుకి సరిపడా పెట్రోలు రాక వీఎస్‌టీ ఖాళీ అవుతూ, రేసు తగ్గించగానే మళ్లీ నిండుతూ ఉండాలి.

రెండో దానికి లెక్క వేసి చూశాను. ఈ సైజు ఇంజను ఫుల్ థ్రాటిల్‌లో గంటకి 38 లీటర్ల దాకా తాగుతుంది, అంటే నిమిషానికి 600 మిల్లీలీటర్లు దాటి. వీఎస్‌టీలో అరలీటరు కూడా పట్టదు. సప్లై పూర్తిగా ఆగితే నిమిషంలోపే ఇంజను పడిపోవాలి, ఇది ఐదు పది నిమిషాలు నడుస్తోంది. కాబట్టి సప్లై ఆగడం లేదు, తగ్గుతోంది. నిమిషానికి 40, 50 మిల్లీలీటర్ల లోటు ఉందనుకుంటే వీఎస్‌టీ అడుగంటడానికి సరిగ్గా అంత టైమే పడుతుంది. లోడు పెరిగితే లోటు పెరుగుతుంది, జబ్బు తొందరగా వస్తుంది. సరంగు చెప్పిన ప్రతి మాటా ఈ లెక్కలో ఇమిడింది. వేడి సిద్ధాంతానికి అంత చక్కగా ఇమడలేదు, ఎందుకంటే ఒంటిమీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కిన ఇంజను కూడా స్లోలో గంట కూర్చుంటోంది.

ఒడ్డున నీళ్ల పైపు తగిలించి రైలు ప్రెషర్ చూశాను, 43 దగ్గర సూది కదల్లేదు. అది చూసి ధైర్యపడాల్సిందేమీ లేదు. స్లోలో ఇంజను గంటకి లీటరో రెండు లీటర్లో తాగుతుంది, అంత సన్న ధారకి సగం మూసుకుపోయిన దారైనా సరిపోతుంది.

నీళ్ల మీదికి

ఓనరు మనుషుల్ని ఎక్కిద్దామన్నాడు, వద్దని ఇసుక బస్తాలు వేయించాను. పెట్రోలు లైనులో గేజీలు పెట్టి నడిపేటప్పుడు సరంగు, నేను, ఒక కలాసీ తప్ప ఎవరూ ఉండకూడదు. మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి, ప్రతి క్లాంపూ బల్బు నొక్కి తడి వస్తుందేమో చూశాకే స్టార్టు చేయాలి. గేజీ గొట్టం ఫ్లైవీల్ దగ్గరికి పోకుండా కట్టేయాలి.

మొదటి పరీక్ష అన్నిటికన్నా చవకైనది. విడి ట్యాంకు ఒకటి, దాని సొంత పైపు, సొంత బల్బుతో నేరుగా ఇంజనుకి తగిలించాం. బోటు ట్యాంకుకీ ఇంజనుకీ సంబంధం లేకుండా పోయింది. ఎగువకి ఫుల్ రేసులో పట్టుకెళ్తే ఇంజను ఎక్కడా తడబడలేదు. సరంగు వెనక్కి తిరిగి నా మొహం చూశాడు గానీ ఏమీ అనలేదు.

అంటే ఇంజను మీద ఉన్నవేవీ దోషులు కావు: కొత్తగా వేసిన పంపు, ఇంజెక్టర్లు, లిఫ్ట్ పంపు, కాయిల్స్, కొనబోయి మానేసిన ఈసీయూ. ఒక్క విడి ట్యాంకుతో సగం బోటు అనుమానంలోంచి బయటపడింది. పార్టులు కొనకముందు ఎవరైనా చేయగలిగిన పని ఇది.

నీళ్లు దొరికాయి, జబ్బు పోలేదు

ఇక బోటు వైపు. ఫిల్టరు విప్పి గాజు సీసాలోకి వంచితే కాసేపటికి రెండు పొరలుగా తేరింది, పైన పెట్రోలు, అడుగున మసక మసకగా ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మోయగలిగినంత మోసి, దాటిపోతే నీళ్లతో సహా విడిపోయి అడుక్కి దిగుతుంది. నది మీద తేమలో, వెంటు (గాలి) పైపు తెరిచి ఉన్న ట్యాంకులో, వరద నెలలన్నీ సగం పెట్రోలుతో నిలవ ఉంటే ఇదే జరుగుతుంది. చాలా ఔట్‌బోర్డ్ కంపెనీలు 10 శాతం ఇథనాల్ దాటొద్దని మాన్యువల్‌లోనే రాస్తాయి. కానీ రేవులో ఉన్నవాడు బంకులో దొరికేదే పోయించుకుంటాడు, వేరే దారి ఏముంది.

ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు, దొంగ దొరికాడని. నాకు నమ్మకం కుదరలేదు. నీళ్లు అడుగున ఉంటే బోటు ఊగినప్పుడల్లా ఎప్పుడు పడితే అప్పుడు దగ్గాలి, స్లోలో కూడా ఆగాలి. ఇలా టైము చూసుకుని రావడం దాని లక్షణం కాదు. పైగా ఇంజను మీది చిన్న ఫిల్టరు కప్పులో సన్నటి నల్లటి పొట్టు కనిపించింది, నీళ్ల వల్ల పొట్టు రాదు. అయినా నీళ్లున్న ట్యాంకుతో ముందుకు పోలేం కాబట్టి మొత్తం తోడించి, తుడిపించి, తాజా పెట్రోలు, కొత్త ఫిల్టరు వేసి మళ్లీ నీళ్ల మీదికి వెళ్లాం. అదే జబ్బు, అదే టైముకి. నీళ్లు నిజమే, కానీ ఇది వాటి పని కాదు.

వెంటు మూసుకుపోయి ట్యాంకులో వాక్యూమ్ పుడుతోందేమోనని మూత వదులు చేసి నడిపాం. తేడా లేదు.

గేజీని వెనక్కి జరుపుతూ

ఇంజనులోకి పైపు దూరే చోట టీ జాయింటు వేసి వాక్యూమ్ గేజీ పెట్టాను, పక్కనే ఒక బెత్తెడు పారదర్శకమైన గొట్టం. రైలు ప్రెషర్ గేజీ సరంగు సీటు పక్కన. మామూలుగా ఫుల్ రేసులో లాగుడు రెండు, రెండున్నర అంగుళాల పాదరసం దాటకూడదు. విడి ట్యాంకుతో ఒకటి దగ్గరే ఉంది.

బోటు ట్యాంకుతో మొదట మూడు చూపించింది, నడిచే కొద్దీ ఎక్కుతూ ఏడు దగ్గరకి వెళ్లింది. రైలు గేజీ అప్పటికీ 43 మీదే ఉంది. ఆ తర్వాత కాసేపటికి దాని సూది వణకడం మొదలై ముప్పై కిందికి జారింది, ఇంజను ఊగింది. ముందు లాగుడు పెరిగింది, తర్వాతే ప్రెషర్ పడింది. ఏది ముందు ఏది తర్వాత అన్నది కళ్లతో చూశాక హై ప్రెషర్ పంపు గురించి ఇంక వాదించాల్సింది లేదు. అదే సమయానికి కలాసీ బల్బు చూపించాడు, లోపలికి పీక్కుపోయి చపాతీలా అణిగిపోయి ఉంది. నొక్కి వదిలినా ఉబ్బడం లేదు, అంటే అడ్డం బల్బుకి ట్యాంకు వైపున ఉంది.

పారదర్శక గొట్టంలో బుడగలు కూడా కనిపించాయి. ఇక్కడ చాలామంది గాలి లీకు అనుకుని ప్రతి క్లాంపూ బిగిస్తారు. గాలి లీకు ఉంటే గేజీ సూది అంత పైకి ఎక్కనే ఎక్కదు, లీకులోంచి గాలి వచ్చి లాగుడు తేలిపోతుంది. లాగుడు ఎక్కువై, పైన ఎండ కూడా ఉంటే పెట్రోలు తనంతట తానే ఆవిరై బుడగలు కడుతుంది. సూదినీ బుడగల్నీ కలిపి చూడాలి.

అక్కణ్ణుంచి టీని ఒక్కో మెట్టూ ట్యాంకు వైపు జరిపాను. ఫిల్టరు ముందు పెడితే ఆరున్నర, అంటే ఫిల్టరు ఆపుతున్నది పెద్దగా లేదు. ట్యాంకు మూతి దగ్గర, యాంటీ సైఫన్ వాల్వు దాటగానే పెడితే ఒకటి. అడ్డానికి ఇంజను వైపు లాగుడు ఎక్కువగా, ట్యాంకు వైపు తక్కువగా ఉంటుంది. ఒకటికీ ఆరున్నరకీ మధ్యలో ఫ్లోరు కింద ఉన్నది దాదాపు రెండు మీటర్ల పైపు మాత్రమే.

పైపు

ఆ పైపు మీద ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. ఇంతకుముందు చేసినవాళ్లు కంప్రెసర్‌తో గాలి ఊది చూశారు, జోరుగా పోయింది. నేను ఊదినా అలాగే పోయింది. బయట నుంచి చూస్తే కొత్తదానిలా నల్లగా, మెత్తగా ఉంది, పగుళ్లు లేవు.

విప్పి బయటికి తెచ్చి బ్లేడుతో నిలువునా కోశాను. లోపలి పల్చటి లైనరు రబ్బరు నుంచి ఊడిపోయి పాము కుబుసంలా ముడతలు పడి ఉంది. ఒక చోట, పైపు బల్క్‌హెడ్ (బోటు లోపలి అడ్డుగోడ) మీదుగా వంగే దగ్గర, ఆ పొర ఒక పక్క పూర్తిగా లేచి నాలుకలా వేలాడుతోంది. గోరుతో లాగితే పొట్టు పొట్టుగా వచ్చింది, ఇంజను ఫిల్టరులో దొరికిన పొట్టే అది. గాలి ఊదినప్పుడు ప్రెషర్‌కి ఆ పొర గోడకి అతుక్కుని దారి ఇస్తుంది. ఇంజను లాగినప్పుడు లేచి దారికి అడ్డం పడుతుంది, ఎంత గట్టిగా లాగితే అంతగా. స్లోలో లాగుడు లేదు కాబట్టి అది లేవదు. తోసి చూసే ఏ పరీక్షకీ ఈ జబ్బు దొరకదు, లాగి చూస్తేనే దొరుకుతుంది.

రెండేళ్ల కింద ఒరిజినల్ పైపు గట్టిపడిందని, ఊళ్లో దొరికిన "పెట్రోలు పైపు" కొని వేశారట. పైన ఏ ముద్రా లేదు. ఇథనాల్ ఇలాంటి లైనర్లను ఉబ్బించి జిగురు వదిలిస్తుంది, వరద నెలల్లో అదే పైపులో నీళ్లతో కలిసిన ఇథనాల్ నిలవ ఉండిపోయింది.

కొత్తగా వేసింది మెరైన్ పైపు, మీద ఏ1-15 అని ముద్ర ఉన్నది. ఏ అంటే రెండున్నర నిమిషాలు మంటకి తట్టుకునే రకం, ఫ్లోరు కింద పోయే పైపుకి అదే ఉండాలి. 1 అంటే ఎప్పుడూ పెట్రోలు నిండి ఉండే లైనుకి పనికొచ్చేది. 15 అన్నది పైపు గోడలోంచి ఆవిరి ఎంత తక్కువగా బయటికి పోతుందో చెప్పే అంకె. లోపలి వ్యాసం మాన్యువల్‌లో చెప్పినట్టు 3/8 అంగుళం. బల్క్‌హెడ్ దగ్గర వంపు వెడల్పు చేశాం. పాత పొట్టు ఇరుక్కుని ఉంటుందని యాంటీ సైఫన్ వాల్వు, ఇంజను మీది ఫిల్టరు, లిఫ్ట్ పంపు వాల్వులు, వీఎస్‌టీ అడుగు అన్నీ విప్పి కడిగాం. వీఎస్‌టీలో కూడా కొంచెం దొరికింది. లీనుగా ఫుల్ రేసులో నడిచిన ఇంజనుకి పిస్టన్ తల కాలే ప్రమాదం ఉంటుంది కాబట్టి ప్లగ్గు రంధ్రాల్లోంచి కెమెరా దించి నాలుగూ చూశాను, బాగానే ఉన్నాయి. సరంగు ఇంకో నెల ఓపిక పట్టి తిప్పి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

అవే బస్తాలతో, గేజీలు ఉంచే మళ్లీ ఎగువకి వెళ్లాం. లాగుడు ఒకటిన్నర దగ్గర ఆగిపోయింది, రైలు సూది 43 వదల్లేదు. అరగంట పైనే ఫుల్ రేసులో ఉంచి, అప్పుడు గేజీలు తీశాను. పైపుకీ క్లాంపులకీ అయిన ఖర్చు హై ప్రెషర్ పంపు ధరలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు.

తర్వాత

ఇంజెక్షన్ ఔట్‌బోర్డ్ "లోడు మీద పడిపోతోంది" అని ఎవరు ఫోన్ చేసినా ఇప్పుడు నేను ముందు అడిగేవి మూడే: పడిపోయిన క్షణంలో బల్బు ఎలా ఉంది, హారన్ మోగిందా, ట్యాంకులో పెట్రోలు ఎన్నాళ్ల నుంచి ఉంది. బల్బు అణిగిపోయి ఉంటే అడ్డం ట్యాంకు వైపు. బల్బు మామూలుగా ఉండి, నొక్కుతుంటే ఇంజను కోలుకుంటే లిఫ్ట్ పంపు మీద అనుమానం. నొక్కినా తేడా లేకపోతే వీఎస్‌టీ, హై ప్రెషర్ పంపు, లేదా అసలు పెట్రోలు సంగతే కాదు. విడి ట్యాంకు బండిలో ఎప్పుడూ ఉంటుంది. వాక్యూమ్ గేజీ మాత్రం మన దగ్గర చాలా షాపుల్లో కనపడదు, ప్రెషర్ గేజీ కొన్న ప్రతివాడూ దీన్ని కూడా కొంటే బాగుండు.

ఓనరుకి చెప్పింది ఇది: వరదలకి బోటు కట్టేసే ముందు ట్యాంకు తోడేయండి, కార్లకో బైకులకో పోసుకోండి, సగం నింపి వదిలేయొద్దు. కట్టేసిన రోజే ఫిల్టరు మార్చండి. పైపు మీద వేసిన తేదీ రాసి పెట్టండి.

వాళ్లకే ఇంకో బోటు ఉంది, దానిది కూడా అదే చుట్టలోంచి కోసిన పైపు. అది బాగానే నడుస్తోందని ఓనరు ముందు ఒప్పుకోలేదు. క్లాంపు విప్పి చివర చూపిస్తే లైనరు అప్పుడే ఒక వేలెడు మేర వదిలి ఉంది, దాన్ని కూడా మార్చేశాం. అనవసరంగా పీకేసిన పాత హై ప్రెషర్ పంపు షాపులో మూల పడి ఉంటే తెప్పించి బెంచి మీద నడిపించాను, పూర్తి ప్రెషర్ ఇస్తోంది. నూనె రాసి, కవరులో చుట్టి రెండు బోట్లకీ స్పేరుగా రేవులో పెట్టించాను.